ల్యాబ్ రిపోర్టులో ఎన్‌డీ అని వస్తే సున్నా వేయొచ్చా? తిండి ద్వారా ఒంట్లోకి పోయే పురుగుమందు లెక్క గురించి

కావలి_పీజీ
అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో ఫుడ్ సైన్స్ పీజీ చేస్తున్నా. ప్రాజెక్ట్ ఏందంటే మన జిల్లా మార్కెట్లలో కొనుక్కునే కూరగాయలు, పళ్ళు, బియ్యం ద్వారా మనిషి ఒంట్లోకి రోజుకి ఎంత పురుగుమందు పోతుందో అంచనా కట్టడం. టమాటా, వంకాయ, బెండకాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ, జామకాయ, బియ్యం శాంపిల్స్ ఇచ్చాం, రిపోర్టులు వచ్చాయి. వాటిల్లో ముప్పాతికకి పైగా గడుల్లో ఎన్‌డీ అనే ఉంది, అంటే నాట్ డిటెక్టెడ్. అవన్నీ సున్నా వేసి, సగటు తీసి, ఎమ్మార్‌ఎల్‌తో (పంటలో మందు ఇంతదాకా మిగలొచ్చని పెట్టిన హద్దు) పోల్చి తక్కువుంటే సేఫ్ అని రాసెయ్యమని సలహా ఇచ్చారు. నాకు మాత్రం మనసు ఒప్పట్లా. కనపడనిదాన్ని లేదని ఎట్టా రాస్తాం? ఈ లెక్క తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పొదలకూరు_నిమ్మతోట
మంచి పని ఎత్తుకున్నావు తల్లీ. నాకు లెక్కలు రావు గానీ ఒక మాట, శాంపిల్ ఎక్కడ తీసుకున్నారు? మార్కెట్లో ఒక్క కొట్టు దగ్గర తీసుకుంటే అది ఒక్క రైతు కాయలు అయి ఉండొచ్చు, లేదంటే కమీషన్ కొట్టులో పదిమంది కాయలు కలిసిపోయి ఉండొచ్చు, రెంటికీ చాలా తేడా ఉండాది.

ఒంగోలు_లెక్కలు
అమ్మా, నీకొచ్చిన అనుమానం సరైనదే, దాన్ని వదలొద్దు. నేను చాలాకాలం స్టాటిస్టిక్స్ పాఠం చెప్పినవాణ్ణి, కొంచెం వివరంగా రాస్తా.

ముందు ఎమ్మార్‌ఎల్ సంగతి. ఎమ్మార్‌ఎల్ అనేది విషం హద్దు కాదు. లేబుల్ మీద రాసినట్టు మందు కొట్టి, ఆగాల్సినన్ని రోజులు ఆగి కోస్తే పంటలో గరిష్ఠంగా ఎంత మిగలొచ్చో ఫీల్డ్ ట్రయల్స్‌లో చూసి పెట్టే హద్దు అది. మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రకటిస్తుంది. ఒక కాయలో ఎమ్మార్‌ఎల్ దాటిందంటే రైతు పద్ధతి తప్పిందని అర్థం, తిన్నవాడికి జబ్బు చేస్తుందని కాదు. అట్టాగే ప్రతి కాయా ఎమ్మార్‌ఎల్ లోపలే ఉన్నా, ఒకే మందు అన్నంలో, కూరలో, పచ్చడిలో, పండులో కొంచెం కొంచెంగా ఉంటే మొత్తం ఎంతయిందో ఎమ్మార్‌ఎల్ చెప్పదు. నువ్వు పోల్చాల్సింది ఏడీఐతో, అంటే జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదని పెట్టిన హద్దు, శరీర బరువు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని ఉంటుంది. ఒకే రోజు ఎక్కువ తింటే వచ్చే ప్రమాదానికి వేరే హద్దు ఉంది, దాన్ని ఏఆర్ఎఫ్‌డీ అంటారు. ఈ రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలు, వీటికి వాడే లెక్కలు కూడా వేరే.

ఇక ఎన్‌డీ. మిషన్‌కి ఒక కనిష్ఠ హద్దు ఉంటుంది, అంతకంటే తక్కువుంటే నమ్మకంగా కొలవలేదు, దాన్ని ఎల్ఓక్యూ అంటారు. ఎన్‌డీ అంటే అసలు విలువ సున్నాకీ ఆ హద్దుకీ మధ్యలో ఎక్కడో ఉందని మాత్రమే. సున్నా వేస్తే కింది అంచనా, హద్దునే వేస్తే పై అంచనా, సగం వేస్తే మధ్య అంచనా. మూడూ వేసి చూడు. లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం: 60 శాంపిల్స్, 50 ఎన్‌డీ, మిగతా 10 సగటు కిలోకి 0.12 మిల్లీగ్రాములు. ఎల్ఓక్యూ 0.01 అయితే కింది సగటు 0.020, పై సగటు 0.028, పెద్ద తేడా లేదు. అదే ల్యాబ్ ఎల్ఓక్యూ 0.05 అయితే కింది సగటు అదే 0.020, పై సగటు మాత్రం 0.062. మూడింతలు! కూరగాయ మారలా, మందు మారలా, మిషన్ మారిందంతే. కాబట్టి రెండూ చూపించకుండా ఒక్క అంకె రాస్తే చదివేవాళ్ళని మోసం చేసినట్టే.

కావలి_పీజీ
సార్ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. సగం వేస్తే సరిపోదా మరి? చాలా పేపర్లలో అదే చేశారు.

ఒంగోలు_లెక్కలు
ఆహారంలో కలుషితాల మీద కన్నేసి ఉంచే డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ జెమ్స్ ఫుడ్ కార్యక్రమంలో 1995లో ఒక సలహా వచ్చింది, ఎన్‌డీలు 60 శాతం లోపు ఉంటే సగం వేయొచ్చు, దాటితే కింది అంచనా, పై అంచనా రెండూ ఇవ్వమని. అందరూ మొదటి సగం గుర్తుపెట్టుకుని రెండో సగం వదిలేశారు. నీకు ముప్పాతిక దాటాయంటున్నావు కాబట్టి సగం పద్ధతి ఒక్కటే పెట్టుకోకూడదు. ఇంకో నష్టం కూడా ఉంది, అన్ని ఎన్‌డీలకీ ఒకే అంకె పెడితే డేటాలో చెదురు తగ్గిపోతుంది, స్టాండర్డ్ డీవియేషన్ తప్పుగా వస్తుంది.

ల్యాబ్_కోవూరు
నేను పంటలో మిగిలిన మందు వెతికే రెసిడ్యూ ల్యాబ్‌లో, దాన్ని కొలిచే ఎల్‌సీ ఎంఎస్ఎంఎస్ మిషన్ మీద పనిచేస్తా. మేడమ్ ఒకటి అడగండి మీ ల్యాబ్‌ని. ఎల్ఓడీ వేరు, ఎల్ఓక్యూ వేరు. ఎల్ఓడీ దాటి ఎల్ఓక్యూ లోపు ఉంటే మందు ఉందని తెలుసు, ఎంతో మాత్రం గట్టిగా చెప్పలేం. కొన్ని ల్యాబ్‌లు దాన్ని కూడా రిపోర్టులో ఎన్‌డీ అనే రాసేస్తాయి, మీ లెక్కకి ఈ రెండూ ఒకటి కాదు. ఇంకోటి, ఎల్ఓక్యూ ప్రతి మందుకీ, ప్రతి పంటకీ వేరుగా ఉండొచ్చు, టమాటాలో తేలిగ్గా దొరికే మందు ఎండుమిర్చిలో రంగూ నూనే అడ్డమొచ్చి కష్టమవుద్ది. రికవరీ (తెలిసినంత మందు కలిపి పరీక్షిస్తే అందులో ఎంత శాతం తిరిగి కనపడిందన్నది) కూడా అడగండి, 70 నుంచి 120 శాతం మధ్య ఉంటే ఆమోదిస్తారు. ఫలితం మీద అనిశ్చితి 50 శాతం దాకా ఉందని తీసుకోవడం అలవాటు, అంటే 0.10 అని వచ్చిందంటే నిజంగా 0.05 నుంచి 0.15 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. రిపోర్టులో రెండో దశాంశం చూసి మురిసిపోకూడదు.

ఉదయగిరి_కోడ్
అక్కా, స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చా మీకు? సెన్సార్డ్ డేటాకి, అంటే ఎన్‌డీల్లాగా ఒక హద్దు దగ్గర తెగిపోయిన డేటాకి, నాడా అని ప్యాకేజీ ఉంది. కప్లాన్ మయర్ పద్ధతీ, లాగ్‌నార్మల్ (ఎక్కువ విలువలు చిన్నవి, కొన్ని మాత్రం చాలా పెద్దవి ఉండే పంపిణీ) అనుకుని డేటాకి బాగా సరిపోయే అంకెలు వెతికే మాక్సిమం లైక్లీహుడ్‌తో చేసేదీ, కనపడిన విలువల్ని బట్టి కనపడనివి అంచనా కట్టే ఆర్ఓఎస్ అనేదీ అన్నీ అందులో ఉన్నాయి. కప్లాన్ మయర్ మామూలుగా ఆస్పత్రి వాళ్ళు రోగి ఎన్నాళ్ళు బతికాడో లెక్కేయడానికి వాడతారు, అక్కడ పైన తెగిన డేటా, ఇక్కడ కింద తెగిన డేటా, తిప్పి వాడుకోవడమే. కానీ 80 శాతం పైన ఎన్‌డీలు ఉన్న మందుకి ఏ పద్ధతి వాడినా నమ్మకం తక్కువ, అట్టాంటి వాటికి మోడల్ కట్టకుండా ఎన్ని శాంపిల్స్‌లో దొరికింది, ఎంత పైదాకా వచ్చింది అని రాసేయడం నయం.

దర్శి_మిర్చి
నేను మిర్చి వేస్తా. సున్నా గురించి ఒక మాట చెప్పాలనిపిస్తంది. మా ఊళ్ళో కొన్ని మందులు కొన్ని పంటలకి అసలు ఎవరూ కొట్టరు. అట్టాంటి మందు ఎన్‌డీ అని వచ్చిందంటే అది నిజంగానే సున్నా. దానికి కూడా సగం వేస్తే లేని మందు రైతు నెత్తిన వేసినట్టు కాదా?

ఒంగోలు_లెక్కలు
@దర్శి_మిర్చి చాలా ముఖ్యమైన విషయం ఎత్తారు. ల్యాబ్ ఒకేసారి వందకి పైగా మందులు వెతుకుతుంది, అన్నిటికీ ఎల్ఓక్యూలో సగం వేసి కూడితే ఎవరూ కొట్టని మందుల వల్లే పెద్ద అంకె తయారవుతుంది. అందుకే సున్నాలని రెండు రకాలుగా విడదీయాలి, మందు కొట్టనివి నిజం సున్నాలు, కొట్టినా కనపడనివి తెలియని విలువలు. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ళు పంటలో ఎంత శాతం విస్తీర్ణానికి ఆ మందు కొడతారో డేటా తీసుకుని అంతమేర మాత్రమే విలువ వేస్తారు, మిగతాదానికి సున్నా. మన దగ్గర అట్టాంటి డేటా జిల్లా స్థాయిలో దొరకడం కష్టం, కాబట్టి రైతుల్ని అడిగి రాసుకోవడమే దారి. కానీ ఒక జాగ్రత్త, రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కొట్టరు అని కాగితం చూసి సున్నా వేయొద్దు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కూరగాయల మీద 2005లోనే నిషేధం, అయినా కూరగాయల్లో వెతకడం మానకూడదు. ఎన్‌డీ వచ్చిందా లేదా అన్నది శాంపిల్ చెప్పాలి, గెజిట్ కాదు.

అసలు ఒక్కటీ దొరక్కపోయినా సున్నా అని తేల్చలేం. 60 శాంపిల్స్‌లో ఒక్కదాంట్లో కూడా రాకపోతే, మార్కెట్లో 5 శాతం దాకా కాయల్లో ఉండే అవకాశాన్ని ఇంకా కొట్టెయ్యలేవు. మూడుని శాంపిల్స్ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఈ 5 శాతం, 95 శాతం నమ్మకం మీద చెప్పే మాట.

బుచ్చి_అమ్మ
ఇదంతా చదువుతుంటే భయమేస్తుంది. మా బాబుకి నాలుగేళ్ళు, జామకాయ అంటే ప్రాణం, చేతికిస్తే మొత్తం తినేస్తాడు. సగటు సంగతి వదిలేయండి, వాడు ఒక్కరోజు ఒక్క కాయ తింటే ఎంత పోతుందో అది ఎట్టా లెక్కేస్తారు?

ఒంగోలు_లెక్కలు
అమ్మా, ఈ ప్రశ్న కోసమే ఒక ఫార్ములా ఉంది, ఐఈఎస్‌టీఐ అంటారు, అంతర్జాతీయంగా జేఎంపీఆర్ అనే నిపుణుల కమిటీ వాడుతుంది. ల్యాబ్‌కి ఇచ్చే శాంపిల్ ఒక్క కాయ కాదు కదా, కిలోకి తక్కువ కాకుండా, మధ్యరకం సైజు కాయలైతే పది కాయలు కలిపి రుబ్బుతారు. వచ్చిన అంకె ఆ పదింటి సగటు. అందులో ఒక కాయ మీద మందు ఎక్కువ పడి ఉండొచ్చు, మీ బాబు చేతికి వచ్చేది ఆ కాయే కావచ్చు. అందుకని సగటుని 3 తో గుణిస్తారు, దాన్ని వేరియబిలిటీ ఫ్యాక్టర్ అంటారు. ఒకప్పుడు 5, 7, 10 కూడా వాడేవాళ్ళు, తర్వాత ఒక్కో కాయ విడిగా పరీక్ష చేసిన డేటా చూసి 3 కి వచ్చారు.

లెక్క చూపిస్తా, అంకెలన్నీ ఉదాహరణకే. కాయ బరువు 200 గ్రాములు, ఒక రోజులో ఎక్కువంటే 300 గ్రాములు తిన్నాడు, శాంపిల్స్‌లో గరిష్ఠ విలువ కిలోకి 0.5 మిల్లీగ్రాములు. మొదటి కాయకి 0.2 × 0.5 × 3 = 0.30, మిగతా 100 గ్రాములకి 0.1 × 0.5 = 0.05, మొత్తం 0.35 మిల్లీగ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ వాళ్ళ 2020 ప్రమాణంలో నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల బరువు 18.3 కిలోలు. భాగిస్తే కిలో బరువుకి 0.019. ఏఆర్ఎఫ్‌డీ 0.1 ఉన్న మందైతే అయిదో వంతు కూడా కాలేదు, ఇబ్బంది లేదు. అదే హద్దు 0.01 ఉన్న మందైతే దాటిపోయింది. అదే కాయ 65 కిలోల పెద్దాయన తింటే కిలో బరువుకి 0.005 మాత్రమే. కాయ ఒకటే, మందు ఒకటే, ఒళ్ళు చిన్నది కావడమే తేడా. అందుకే పిల్లల లెక్క విడిగా వేయకుండా కుటుంబం మొత్తానికి ఒక సగటు వేసే ప్రాజెక్టులంటే నాకు బాధేస్తుంది.

పచ్చిమిర్చి, బెండకాయ లాంటివి ఒక్కొక్కటి 25 గ్రాముల లోపే, ఒక పూట తినేదాంట్లో చాలా కాయలు కలుస్తాయి కాబట్టి 3 తో గుణించరు. బియ్యం, నూనె, పాలు ముందే ఎన్నో చోట్లవి కలిసిపోయినవి, వాటికి గరిష్ఠం కూడా కాకుండా మధ్యస్థ విలువ వేస్తారు.

పొదలకూరు_నిమ్మతోట
ఒక కాయ మీద ఎక్కువ, ఒక కాయ మీద తక్కువ అన్నది కళ్ళారా చూసేదే. చెట్టు బయటి కొమ్మలకి తడిసినంతగా లోపలి కాయలు తడవవు. పైన కొమ్మలకి అందదు. ఇంకో సంగతి, మా నిమ్మకాయ మీద మందు ఎక్కువ భాగం తొక్కకే అంటుకుంటది. రసం పిండుకుని తాగేవాళ్ళకీ, మన ఇళ్ళల్లో కాయ మొత్తం కోసి ఊరగాయ పెట్టుకునేవాళ్ళకీ ఒకే లెక్క వేస్తే ఎట్టా? మా ఇంట్లో జాడీ ఏడాది పొడుగునా ఉంటది.

కావలి_పీజీ
బాబాయ్ ఇది నేను అసలు ఆలోచించలేదు! నా ప్రశ్నావళిలో నిమ్మకాయ అని ఒక్క లైనే ఉంది.

ల్యాబ్_కోవూరు
దీన్నే ప్రాసెసింగ్ ఫ్యాక్టర్ అంటారు. పచ్చి సరుకులో ఉన్నదానికీ, వండి లేదా తయారుచేసి తినేదాంట్లో ఉన్నదానికీ నిష్పత్తి. ల్యాబ్ కాయ మొత్తం తొక్కతో సహా రుబ్బుతుంది, ఎమ్మార్‌ఎల్ కూడా మొత్తం కాయకే. రసానికి ఫ్యాక్టర్ ఒకటి కంటే చాలా తక్కువ, ఊరగాయకి తొక్క ఉంటుంది కాబట్టి అట్టా తగ్గించడం కుదరదు. కడిగితే పైపైన ఉన్న మందు కొంత పోతుంది, కానీ ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్క లోపలికి పాకే మందులు, కడిగినా లోపలిది పోదు. బుచ్చి అమ్మగారూ, పారే నీళ్ళలో రుద్ది కడగండి, తప్పకుండా మేలే, పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు.

దర్శి_మిర్చి
ఎండుమిర్చి సంగతి కూడా రాయి అమ్మా. పచ్చికాయ కల్లంలో ఎండితే బరువు బాగా పడిపోతది, మందు కూడా అట్టా దగ్గరవుద్ది కదా.

ల్యాబ్_కోవూరు
అవును అన్నా, నీళ్ళు పోతాయి గానీ మందు చాలావరకు ఉండిపోతుంది, కిలోకి లెక్కేస్తే పెరుగుతుంది. అంతర్జాతీయంగా ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ లెక్కల్లో పచ్చిదాని నుంచి ఎండుదానికి 7 నుంచి 10 రెట్లు వేస్తారు. కానీ అంకె చూసి హడలిపోనక్కర్లా, ఎండుకారం తినేది గ్రాముల్లోనే. మన వైపు కారం కాస్త ఎక్కువే కాబట్టి ఎన్ని గ్రాములో నిజంగా తూచి రాసుకోవాలి, వేరే రాష్ట్రం సగటు తెచ్చి పెట్టుకోకూడదు.

ఉదయగిరి_కోడ్
ఇక తిండి వైపు డేటా గురించి. ఎవరు ఎంత తింటున్నారో ఎక్కడ తీసుకుంటున్నారు అక్కా? ప్రభుత్వం చేసే ఎన్ఎస్ఎస్ ఖర్చుల సర్వే ఇంటికి ఎంత సరుకు కొన్నారో చెప్తుంది, ఇంట్లో ఎవరు ఎంత తిన్నారో చెప్పదు. మనుషుల సంఖ్యతో భాగిస్తే నాలుగేళ్ళ పిల్లాడూ వాళ్ళ నాన్నా ఒకే అన్నం తిన్నట్టు వస్తది. జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో ఎన్ఎన్ఎంబీ వాళ్ళు 24 గంటల్లో ఏం తిన్నారో ఇంటింటికీ వెళ్ళి అడిగేవాళ్ళు, మంచి డేటా అది, 1972లో మొదలై 2015లో ఆగిపోయింది.

నేనైతే మాంటె కార్లో చేయమంటా. ఒక మనిషి ఒక రోజు తిన్న జాబితా తీసుకో, ఒక్కో సరుకుకీ ల్యాబ్ డేటాలోంచి ఒక విలువ యాదృచ్ఛికంగా లాగు, గుణించి కూడు, బరువుతో భాగించు. ఇదే లక్ష సార్లు చేస్తే సగటు ఒక్కటే కాకుండా మొత్తం పంపిణీ వస్తుంది, పై చివర ఎంతమంది హద్దు దాటారో కనపడుతుంది. నెదర్లాండ్స్ వాళ్ళ ఎంసీఆర్ఏ సాఫ్ట్‌వేర్ ఇదే చేస్తుంది, ఈపీఏ కూడా అక్యూట్ లెక్కలో, అంటే ఒక్కరోజు తిండి లెక్కలో, 99.9 పర్సంటైల్ (నూటికి 99.9 మంది దాని లోపే ఉండే విలువ) దాకా చూస్తుంది.

ఒంగోలు_లెక్కలు
తమ్ముడూ, పద్ధతి మంచిదే, నేనూ అదే చేయమంటా, కానీ లక్ష సార్లు తిప్పినంత మాత్రాన శాంపిల్స్ లక్ష అవ్వవు. ఉన్న అరవై విలువల్నే తిప్పి తిప్పి లాగుతున్నాం. 95వ పర్సంటైల్ కంటే పైది కనీసం ఒక్క విలువైనా మన చేతిలో ఉందని 95 శాతం నమ్మకంతో అనాలంటే 59 శాంపిల్స్ కావాలి. 97.5 కి 119. 99.9 కి సుమారు 3000. జిల్లా స్థాయి ప్రాజెక్టులో 99.9 పర్సంటైల్ రాస్తే అది డేటా చెప్పింది కాదు, లాగ్‌నార్మల్ అనుకున్న మన ఊహ చెప్పింది. పైగా పొదలకూరు ఆయన మొదట్లోనే అన్నట్టు ఒకే రోజు ఒకే మార్కెట్లో తీసిన పది శాంపిల్స్ ఒకే తోటవి అయితే అవి పది కావు, దాదాపు ఒకటే. బూట్‌స్ట్రాప్ (ఉన్న డేటాలోంచే మళ్ళీ మళ్ళీ లాగి అనిశ్చితి చూడటం) చేసేటప్పుడు విడి శాంపిల్స్‌ని కాకుండా మార్కెట్ రోజుల్ని గుంపులుగా తిప్పాలి, అప్పుడే అనిశ్చితి నిజంగా ఎంతో బయటపడుతుంది.

కావలి_పీజీ
సార్ నేను ఇళ్ళల్లో ఒక్కరోజు తిండే అడిగాను. అది సరిపోతుందా?

ఒంగోలు_లెక్కలు
అక్యూట్ లెక్కకి సరిపోతుంది. ఏడీఐతో పోల్చే దీర్ఘకాలం లెక్కకి చాలదు. ఆ రోజు ఆ ఇంట్లో చేపల పులుసు, బెండకాయ లేదు, కాబట్టి బెండకాయ సున్నా. పక్కింట్లో ఆ రోజు రెండు పూటలా బెండకాయే. ఒక్కరోజు డేటాతో పంపిణీ గీస్తే మొదటివాళ్ళు జీవితంలో బెండకాయ తినరనీ, రెండోవాళ్ళు రోజూ అదే తింటారనీ అర్థం వస్తుంది. రెండు చివరలూ సాగిపోతాయి. మనిషికీ మనిషికీ తేడా ఎంత, అదే మనిషికి రోజుకీ రోజుకీ తేడా ఎంత అని విడదీయాలంటే కనీసం కొందరి దగ్గరైనా రెండో రోజు కూడా అడగాలి, వెంట వెంటనే కాకుండా ఎడం ఇచ్చి. అందరినీ అడగక్కర్లా, కొంతమందిని లాటరీ తీసి ఎంచుకున్నా చాలు. అప్పుడు ఎంత తరచుగా తింటారన్నదానికి ఒక మోడల్, తిన్నరోజు ఎంత తింటారన్నదానికి ఇంకో మోడల్ కట్టి కలపొచ్చు. ఎంసీఆర్ఏలో బీటా బైనోమియల్ నార్మల్, లాజిస్టిక్ నార్మల్ అని ఉండేవి ఇవే. మే నెలలో మామిడి, చలికాలంలో వేరే కూరలు, కాబట్టి రెండు సీజన్లలో వీలైతే ఇంకా మంచిది.

ల్యాబ్_కోవూరు
ఒకటి మర్చిపోతున్నాం, ఒక్కో మందు విడివిడిగా చూస్తే చాలదు. ఆర్గానోఫాస్ఫేట్లన్నీ ఒకే ఎంజైమ్ మీద పనిచేస్తాయి, ఎసిటైల్‌కోలినెస్టరేస్. టమాటాలో క్లోర్‌పైరిఫాస్, వంకాయలో ప్రొఫెనోఫాస్, మిర్చిలో ఎసిఫేట్ ఉంటే ఒంట్లో ప్రభావం కలుస్తుంది. ఒక మందుని ప్రమాణంగా పెట్టుకుని మిగతావి దాంతో పోలిస్తే ఎన్ని రెట్లు బలమో ఆ అంకెతో గుణించి కూడతారు, రిలేటివ్ పొటెన్సీ ఫ్యాక్టర్ అంటారు. ఈపీఏ 2006 లెక్కలో మెథామిడోఫాస్‌ని ప్రమాణంగా తీసుకుంది. ఎసిఫేట్ విరిగితే వచ్చేది కూడా అదే, కాబట్టి రిపోర్టులో ఎసిఫేట్ ఉంటే పక్కన మెథామిడోఫాస్ గడి కూడా చూడండి.

బుచ్చి_అమ్మ
నాకు ఫార్ములాలు పూర్తిగా అర్థం కాలేదు గానీ పిల్లల లెక్క విడిగా వేస్తారని తెలిసింది, అది చాలు. మీ సర్వేకి బుచ్చిరెడ్డిపాళెం వస్తే మా వీధిలో చిన్నపిల్లలున్న ఇళ్ళు చూపిస్తా అమ్మా, ఏం తింటారో తూచి మరీ చెప్తాం.

కావలి_పీజీ
అక్కా తప్పకుండా వస్తాను. ఇప్పుడు నేను చేయబోయేది చెప్తా, ఏమన్నా తప్పుంటే ఆపండి. ఎన్‌డీలకి కింది అంచనా, పై అంచనా రెండూ ఇస్తా, ఎల్ఓక్యూ దాటిన శాంపిల్స్ తగినన్ని ఉన్న మందులకి మాత్రమే మోడల్ కడతా. నిమ్మకాయని రసం, ఊరగాయ అని రెండు లైన్లు చేస్తా, మిర్చిని పచ్చి, ఎండు అని రెండు చేస్తా. మూడు వయసు గుంపులు. జామ, టమాటా, వంకాయకి ఐఈఎస్‌టీఐ. ఎమ్మార్‌ఎల్ పోలిక వేరే పట్టికలో ఉంటుంది, దాన్నిబట్టి సేఫ్ అన్న మాట ఎక్కడా రాయను. శాంపిల్ తీసిన తేదీ, కొట్టు, ఏ ఊరి సరుకు అన్నది నా నోట్‌బుక్‌లో ఉంది, ఎక్కించుకుంటా. 97.5 దాటి పర్సంటైల్ ఇవ్వను, శాంపిల్స్ చాలని పంటకి 95 కూడా ఇవ్వను.

ఒంగోలు_లెక్కలు
బాగుంది అమ్మా. ఒక్కటి చేర్చు, పై అంచనాలో ఏడీఐ దాటి కింది అంచనాలో దాటని మందులేవో విడిగా జాబితా ఇవ్వు. వాటి గురించి ఇప్పుడున్న డేటాతో ఏమీ తేల్చలేం, వాటికే ఇంకా తక్కువ ఎల్ఓక్యూతో మళ్ళీ పరీక్ష చేయించాలి. డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ జాబితానే చెప్తుంది. అడిగితే నీ కాలేజీ వాళ్ళు కూడా కాదనలేరు.

ల్యాబ్_కోవూరు
మేడమ్, మీ ల్యాబ్‌ని మందువారీగా, పంటవారీగా ఎల్ఓడీ, ఎల్ఓక్యూ, రికవరీ ఉన్న వ్యాలిడేషన్ షీట్ అడగండి, రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు. అందులో ఏదన్నా అర్థం కాకపోతే ఇక్కడే పెట్టండి, లైన్ లైన్ చూసి చెప్తా.